బూజు గడ్డి నుంచి గుండె బిళ్ళ దాకా



పక్షవాతానికి గుండె కూడా ఒక కారణమని మనలో చాలామందికి తెలీదు. గుండె పై గదులు లయ తప్పి అదురుతుంటే దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అప్పుడు రక్తం అక్కడే నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకి పోతే కాలూ చెయ్యీ పడిపోతాయి. అలా కాకుండా ఇచ్చేవే రక్తం పలచబడే బిళ్ళలు. వాటి చరిత్ర డాక్టర్ల దగ్గర కాదు, రైతుల దగ్గర మొదలైంది.

1920ల్లో అమెరికా, కెనడాల్లో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తం ఆగక చచ్చిపోయేవి. 1933లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు చచ్చిన పెయ్యనీ, గడ్డకట్టని రక్తం ఉన్న పాల క్యానునీ, ఆ గడ్డినీ బండిలో వేసుకుని మంచు తుఫానులో యూనివర్సిటీకి పోయాడు. అక్కడ కార్ల్ లింక్ బృందం ఏళ్ల తరబడి పనిచేసి ఆ గడ్డిలోని విషం డైకుమరాల్ అని తేల్చింది. దాని నుంచే వార్ఫరిన్ పుట్టింది. 1948లో ఎలుకల మందుగా అమ్మారు, 1954లో మనుషులకు అనుమతి వచ్చింది. మన దగ్గర రాసే ఎసిట్రోమ్ కూడా ఈ కుటుంబమే.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లలో వార్ఫరిన్ పక్షవాతాన్ని దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిస్తుందని 1989 తర్వాతి పరీక్షల్లో రుజువైంది. ఆస్పిరిన్ ఐదో వంతు మాత్రమే తగ్గించింది. కానీ వార్ఫరిన్‌తో ఒక చిక్కుంది. ఐఎన్ఆర్ అనే రక్త పరీక్ష మాటిమాటికీ చేయించి డోసు సరిచూడాలి. మామూలుగా అది 2 నుంచి 3 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఆకుకూర ఒక వారం బాగా తిని ఇంకో వారం మానేసినా లెక్క మారిపోతుంది.

2009 నుంచి 2011 మధ్య డాబిగాట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్ మీద పెద్ద పరీక్షలు జరిగాయి. పక్షవాతం ఆపడంలో ఇవి వార్ఫరిన్‌కి తీసిపోలేదు, మెదడులో రక్తస్రావం తగ్గింది. అపిక్సబాన్‌తో మరణాలు కూడా తగ్గాయి. ఐఎన్ఆర్ పరీక్ష అక్కర్లేదు. ఇంకేం, పాత మందు పని అయిపోయిందనిపిస్తుంది కదా?

ఇక్కడే ఆగి చూడాలి. ఆ పరీక్షల్లో మైట్రల్ వాల్వు బాగా సన్నబడ్డవాళ్లని తీసుకోలేదు. చిన్నప్పుడు గొంతు నొప్పి, కీళ్ల జ్వరం వచ్చి వాల్వు పాడయ్యే రుమాటిక్ గుండె జబ్బు పేదోళ్ల జబ్బు. వీళ్ల మీద ఇన్విక్టస్ అనే పరీక్ష మన దేశంతో కలిపి 24 దేశాల్లో, 4,500 మందికి పైగా మీద జరిగింది. 2022లో ఫలితం వచ్చింది. వార్ఫరిన్ కుటుంబం మందు వాడినవాళ్లలో రివరోక్సబాన్ వాడినవాళ్లకంటే మరణాలు తక్కువ.

అంటే ఎవరి మీద పరీక్షించారో చూడకుండా కొత్తదే మంచిదనుకుంటే మనవాళ్ల ప్రాణాలకే ముప్పు. పాత మందే సరైనదైనప్పుడు దాని రక్త పరీక్ష కూడా మనకి దగ్గరగా ఉండాలి. మండల కేంద్రానికి బస్సు లేని ఊళ్లు మనకింకా ఉన్నాయి. ఐఎన్ఆర్ పరీక్ష పీహెచ్‌సీలోనే చెయ్యమని అడగడం మన హక్కు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ బిళ్ళలు వాడుతుంటే సొంతంగా మార్చొద్దు, ఆపొద్దు. వాల్వు జబ్బు ఉందా, ఎందుకు ఈ బిళ్ళే రాశారు అని డాక్టరుని అడగండి. చదువుకున్న మనమే ఆ ప్రశ్న అడగాలి.