ట్రాక్టరు పాదరక్షలు

చీరల కొట్టుకి వెళితే మనం ముందు రంగు చూస్తాం, తర్వాత అంచు చూస్తాం. నేత సంగతి ఇంటికొచ్చి ఒకసారి ఉతికాక గుర్తొస్తుంది. ట్రాక్టరు కొనబోయే మగవాళ్ల వరసా దాదాపు ఇంతేనని ఈమధ్యే తెలిసింది. మామిడి తోటకి చిన్న ట్రాక్టరు కొందామని మా మరిదిగారు నెల రోజులుగా ‘ఇరవై హార్స్ పవరా, ఇరవై నాలుగా’ అని ఒకటే లెక్కలు. మా చెల్లెలు మెల్లిగా నా పక్కన చేరి, “అక్కయ్యా, గుర్రాలెన్నో చెబుతున్నారు గానీ, దాని కాళ్ల సంగతి ఎవరూ చెప్పరేం?” అంది. ఆ మాట పట్టుకుని పాత చరిత్ర తిరగేశాను. అడగవలసిన ప్రశ్న అదేనండీ!

ట్రాక్టరు పుట్టినప్పుడు దానికి టైర్లు లేవు. ఇనప చక్రాలు, వాటికి ఇనప పళ్లు. పొలంలో పట్టు బాగానే ఉండేది గానీ, నడిపేవాడి నడుం సంగతి దేవుడికెరుక. రోడ్డెక్కితే రోడ్డు గుల్ల. అమెరికాలో చాలాచోట్ల అలాంటి చక్రాలని రోడ్డెక్కనిచ్చేవారు కాదు. మన డెల్టాలో దమ్ము చక్రాలతో ట్రాక్టరు తారు రోడ్డు మీదికొస్తే జనం ఎందుకు గొడవపడతారో చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

దీనికి మొదట విరుగుడు వెతికింది తోటలవాళ్లే. ఫ్లోరిడాలో నారింజ రైతులు తమ చెట్ల వేళ్లు ఆ ఇనప పళ్ల కింద తెగిపోతుంటే చూడలేక, 1920ల చివర్లో పాత లారీ టైర్లు తెచ్చి చక్రాలకి తొడిగారు. 1932లో ఆలిస్ చామర్స్ కంపెనీ విమానం టైర్లు తెచ్చి, గాలి తక్కువగా కొట్టి, ట్రాక్టరుకి బిగించి చూసింది. పని బ్రహ్మాండంగా జరిగింది. అయినా రైతులు నమ్మితేనా! ఇంత ఇనుముని గాలి మోస్తుందా అని వాళ్ల సందేహం. చివరికి కార్ల పందేల వీరుడు బార్నీ ఓల్డ్‌ఫీల్డ్‌ని పిలిచి ట్రాక్టరెక్కించారు. 1933లో ఆయన దాన్ని గంటకి 64 మైళ్ల వేగంతో పరుగెత్తించాడు. పొలం దున్నడానికి ఆ వేగం ఎందుకని అడక్కండి, ప్రచారమంటే అంతే. రబ్బరు టైర్లతో ఇంధనం కలిసొస్తుందన్న సంగతి మాత్రం ఆ తర్వాత పరీక్షల్లో తేలింది.

పట్టు దొరికింది, సరే. ప్రాణం మాటేమిటి? ఆ రోజుల తేలిక ట్రాక్టర్లకి ఒక భయంకరమైన గుణం ఉండేది. నాగలి ఏ రాయికో వేరుకో తట్టుకుంటే వెనక చక్రాలు ఆగవు. ముందు భాగం గుర్రంలా లేచి, వెనక్కి తిరగబడి నడిపేవాడి మీదే పడేది. ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో! దీనికి ఉపాయం కనిపెట్టినవాడు ఐర్లండు రైతుబిడ్డ హ్యారీ ఫెర్గూసన్. మన పల్లెల్లో ‘మాసీ’ అని ముద్దుగా పిలిచే మాసీ ఫెర్గూసన్‌లోని ఫెర్గూసన్ ఈయనే. నాగలిని గొలుసుతో వెనక ఈడ్చకుండా, మూడు చోట్ల ట్రాక్టరుకే బిగించాడు. నాగలి లాగే బరువు వెనక చక్రాలని నేలకి అదిమిపెడుతుంది, ముందు భాగం లేవదు. దాంతో చిన్న ట్రాక్టరే పెద్ద పని చెయ్యగలిగింది.

1938లో ఆయనా హెన్రీ ఫోర్డూ కాగితం ముక్కైనా లేకుండా, చేతిలో చెయ్యేసుకుని ఒప్పందం చేసుకున్నారు. 1939లో వాళ్ల 9ఎన్ ట్రాక్టరు 585 డాలర్లకి బజారులోకొచ్చింది, రబ్బరు టైర్లతో సహా. ఆవిష్కరణ రోజున ఎనిమిదేళ్ల పిల్లవాడు దాంతో దున్ని చూపించాడట. ఫోర్డు మనవడి హయాంలో ఆ ఒప్పందం తెగింది. కోర్టు కెక్కిన ఫెర్గూసన్‌కి 1952లో 92 లక్షల 50 వేల డాలర్లు దక్కాయి. కాగితం రాసుకోని పెద్దమనుషుల ఒప్పందాలు మన ఇళ్లలోనూ ఎలా ముగుస్తాయో మీకు తెలియందా?

పక్కకి దొర్లే ప్రమాదం మాత్రం మిగిలే ఉంది. స్వీడన్ 1959లో కొత్త ట్రాక్టర్లకి డ్రైవరు చుట్టూ ఇనప చట్రం తప్పనిసరి చేసింది. ఆ తర్వాత అక్కడ బోల్తా చావులు బాగా తగ్గాయి. తోటలో కొమ్మలకి తగులుతుందని మనవాళ్లు దాన్ని విప్పేసి గోడకి ఆనిస్తారు చూడండి, నాకు ఒళ్లు మండుతుంది. మడిచి పెట్టుకునేవి దొరుకుతున్నాయి కదా!

చిన్న ట్రాక్టర్లని ముద్దుగా పెంచింది జపాను. బుల్లి బుల్లి వరి మళ్ల దేశం మరి. 1969లో కుబోటా కంపెనీ 21 హార్స్ పవర్ ఎల్200ని అమెరికాకి పంపితే, అక్కడివాళ్లు ఇంటి చుట్టూ ఉన్న నాలుగైదు ఎకరాల పనికి వాడుకున్నారు. పని మారేసరికి టైరూ మారింది. దుక్కికి ఎత్తైన ఏటవాలు పట్టీల టైరు. బురద మడికి అంతకు రెట్టింపు లోతున్నది. పచ్చిక మీద తిరగడానికి గడ్డి నలక్కుండా చదునుగా, వెడల్పుగా ఉండేది. మట్టి ఎత్తిపోయడానికీ, గట్టి నేలకీ రెండింటికీ మధ్యరకం, మందపాటిది.

మామిడి తోటలో కలుపు దున్ని, ఎరువు తోలేవాళ్లకి దుక్కి టైరు చాలు. లోతు బురద టైరు పొడి నేల మీద ఊరికే అరిగిపోతుంది. వాలు నేలైతే వెనక టైర్లలో ముప్పాతిక వంతు నీళ్లు నింపిస్తారు, బరువు కిందనే నిలుస్తుందని. బిగించేటప్పుడు దగ్గరుండి చూసుకోవలసింది ఇంకొకటుంది. ట్రాక్టరు వెనక నిలబడితే పట్టీల బాణం మొన పైకి చూస్తుండాలి. అప్పుడే మొన ముందు నేలకి దిగి, బురదని పక్కలకి నెట్టేస్తుంది. తిరగేసి బిగిస్తే బురదంతా మధ్యలోనే కూరుకుని, చక్రం ఉన్నచోటే తిరుగుతుంది.