తిరిగొచ్చే పుస్తకం: గడువు తేదీ వెనుక చరిత్ర

గ్రంథాలయంలో పుస్తకం ఇవ్వడం తేలిక, తిరిగి పుచ్చుకోవడం కష్టం. బీరువా తలుపు తీసి చేతిలో పెడితే ఇవ్వడం అయిపోతుంది. అదే పుస్తకం మళ్ళీ ఆ బీరువాకు చేరాలంటే గడువు ఉండాలి, ఎవరు తీసుకెళ్ళారో తెలిపే గుర్తు ఉండాలి, చదివినవాళ్ళకు బాధ్యత ఉండాలి. ఈ మూడూ ఒకచోట కుదరడానికి రెండున్నర వేల ఏళ్ళకు పైగా పట్టింది. శాపం, ధరావతు, గొలుసు, జరిమానా అన్నీ దాటుకుని ఆ ఆచారం చివరకు పిల్లల చేతికి వచ్చింది. పెద్దలకు బరువుగా తోచిన పనిని పిల్లలు ఆటగా మార్చుకున్నారు.

శాపాలూ ధరావతులూ

క్రీస్తుపూర్వం 7వ శతాబ్దంలో అస్సీరియా రాజు అషుర్‌బనిపాల్ నినెవే నగరంలో వేలాది మట్టి పలకలతో గ్రంథాలయం ఏర్పరచాడు. మెసపొటేమియా పలకల చివర లేఖకులు తరచుగా ఒక హెచ్చరిక చెక్కేవారు. పలకను ఎత్తుకుపోయినవాడి కళ్ళు సూర్యదేవుడు తీసుకుపోవాలన్నది అలాంటి వాటిలో ఒకటి. దేవుడంటే భయమున్నవాడు పలకను అదే రోజు యజమాని ఇంటికి చేర్చాలని రాసినవీ దొరికాయి. గడువు పెట్టి పుస్తకం అడిగిన అతి పాత ఆనవాళ్ళలో ఇవి చేరతాయి.

శాపం పనిచేయని చోట డబ్బు తాకట్టు వచ్చింది. ఈజిప్టును ఏలిన మూడో టోలమీ గ్రీకు నాటకకర్తలైన ఈస్కిలస్, సోఫొక్లిస్, యూరిపిడిస్ రాసిన నాటకాల అధికారిక ప్రతులను ఏథెన్స్ నుంచి అరువు తెచ్చుకున్నాడని గ్రీకు వైద్యుడు గాలెన్ రాశాడు. అందుకు 15 టాలెంట్ల వెండి ధరావతుగా కట్టాడట. అందమైన కొత్త ప్రతులు రాయించి, వాటిని ఏథెన్స్‌కు పంపించి, అసలు ప్రతులను అలెగ్జాండ్రియాలోనే ఉంచేసుకున్నాడు. ధరావతు వదులుకోవడానికి రాజు వెనుకాడలేదు. ఎంత పెద్ద మొత్తమైనా పుస్తకాన్ని వెనక్కి రప్పించలేదని ఆ కథ చెబుతుంది.

మన దేశంలో ఈ బాధ తాళపత్రాల చివర కనిపిస్తుంది. గ్రంథం రాయడం పూర్తిచేసిన లేఖకుడు, నడుమూ మెడా వంచి, చూపు నిలిపి ఎంతో కష్టపడి రాశానని, దీన్ని జాగ్రత్తగా కాపాడమని ఒక సంస్కృత శ్లోకంలో వేడుకునేవాడు. ఇంకో శ్లోకంలో మాట్లాడేది లేఖకుడు కాదు, పుస్తకమే. నూనె తగలనీయకు, నీళ్ళు తగలనీయకు, కట్టు వదులు కానీయకు, మూర్ఖుడి చేతిలో పెట్టకు అని అది తన గోడు తానే చెప్పుకుంటుంది. తాటాకులకు బెజ్జం వేసి, తాడు గుచ్చి, పైనా కిందా చెక్కలు పెట్టి బిగించేవారు కనుక కట్టు వదులైతే ఆకులు చెదిరిపోయేవి. పరుల చేతికి వెళ్ళిన పుస్తకం పోయినట్టేనని, వచ్చినా చినిగి వస్తుందని మరో పాత మాట ఉంది. పుస్తకాన్ని నోరున్న ప్రాణిగా భావించడం అప్పటికే మన లేఖకులకు అలవాటన్నది ఇక్కడ గమనించాలి.

తివాచీ మీద పుస్తకాలు

ఐరోపా క్రైస్తవ మఠాలలో పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి ఏడాదికి ఒక రోజు ఉండేది. 11వ శతాబ్దంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ లాన్‌ఫ్రాంక్ రాసిన నియమావళి ఆ రోజును వివరిస్తుంది. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల మొదట్లో గ్రంథపాలకుడు ఎవరికీ ఇవ్వని పుస్తకాలన్నీ తెచ్చి తివాచీ మీద పరిచేవాడు. కిందటి ఏడాది ఎవరికి ఏ పుస్తకం ఇచ్చారో జాబితా చదివేవారు. పేరు పిలిచిన సన్యాసి లేచి పుస్తకం అప్పగించాలి. ఏడాదిపాటు దగ్గర పెట్టుకుని కూడా చదవనివాడు అందరి ముందూ సాష్టాంగపడి తప్పు ఒప్పుకోవాలి. పుస్తకం వెనక్కి వచ్చిందా అని మాత్రమే చూసే లెక్క కాదది. చదివావా లేదా అనే విచారణ కూడా అందులో ఉంది.

బయటివారికి పుస్తకాలు ఇవ్వబోమని కొన్ని మఠాలు ఒట్టు పెట్టుకునేవి. 1212లో పారిస్‌లో జరిగిన మత సభ ఆ ఒట్లను తప్పుపట్టింది. అవసరమున్నవారికి పుస్తకం అరువు ఇవ్వడం దయతో చేసే పనుల్లో ముఖ్యమైనదని తీర్మానించింది.

అరువు ఇచ్చేవాటిని ఇస్తూనే విలువైన గ్రంథాలను గొలుసులతో కట్టి ఉంచేవారు. ఇంగ్లండ్‌లోని హెర్‌ఫర్డ్ కెథడ్రల్‌లో గొలుసుల గ్రంథాలయం ఈనాటికీ ఉంది. అక్కడ పుస్తకాల వీపు లోపలి వైపుకు, కాగితాల అంచు బయటికి ఉంటాయి. గొలుసు అట్ట ముందు అంచుకు తగిలించి ఉంటుంది కనుక అలా పెడితేనే పుస్తకం తీసినప్పుడు గొలుసు మెలిపడదు. అరల కిందే బల్ల ఉంటుంది. చదువరి నిలబడో కూర్చునో అక్కడే చదువుకుని వెళ్ళాలి. తిరిగి ఇవ్వడమనే మాటకే అక్కడ చోటు లేదు.

మాట మీద ఇచ్చిన పుస్తకం

1731లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, అతని మిత్రులు కలిసి అమెరికాలో ఫిలడెల్ఫియా లైబ్రరీ కంపెనీ స్థాపించారు. సభ్యులు చందాలు వేసుకుని పుస్తకాలు కొన్నారు. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళే సభ్యుడు దాన్ని సరిగా తిరిగి ఇవ్వకపోతే రెట్టింపు ఖరీదు చెల్లిస్తానని నోటు రాసి ఇచ్చేవాడు. గొలుసు పోయి సంతకం వచ్చింది.

సంతకం చేసిన పెద్దలు కూడా మరచిపోయేవారు. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1789 అక్టోబరు 5న న్యూయార్క్ సొసైటీ లైబ్రరీ నుంచి రెండు పుస్తకాలు తీసుకున్నట్టు ఆ సంస్థ పద్దు పుస్తకంలో ఉంది. తిరిగి ఇచ్చినట్టు లేదు. వాటిలో ఒకటి వాటెల్ రాసిన అంతర్జాతీయ న్యాయ గ్రంథం. 2010లో వాషింగ్టన్ నివాసమైన మౌంట్ వెర్నన్ నిర్వాహకులు అదే ముద్రణకు చెందిన మరో ప్రతిని సంపాదించి గ్రంథాలయానికి అప్పగించారు. ఇంగ్లండ్‌లో 1668లో కేంబ్రిడ్జ్ సిడ్నీ ససెక్స్ కళాశాల నుంచి కర్నల్ రాబర్ట్ వాల్‌పోల్ తీసుకున్న పుస్తకం 288 ఏళ్ళ తర్వాత, 1956లో తిరిగి చేరింది. ఆయన కొడుకే తర్వాత బ్రిటన్ తొలి ప్రధానిగా పేరుపొందిన రాబర్ట్ వాల్‌పోల్. చరిత్రకారుడు జె.హెచ్. ప్లమ్ ఒక జమీందారీ భవనంలో ఆ పుస్తకాన్ని గుర్తించి తెచ్చి ఇచ్చాడు. గ్రంథాలయాలకు ఆలస్యంగా చేరిన పుస్తకాల రికార్డులలో అది చోటు చేసుకుంది కానీ జరిమానా మాత్రం ఎవరూ వసూలు చేయలేదు.

తేదీ చీటీ పుట్టుక

1850లో బ్రిటన్ పౌర గ్రంథాలయాల చట్టం చేసింది. 1854లో బోస్టన్ పౌర గ్రంథాలయం పాఠకులకు తలుపులు తెరిచింది. చందాదారులైన కొద్దిమందికి బదులు ఊరంతా పాఠకులయ్యేసరికి పెద్ద పద్దు పుస్తకంలో ఒక్కొక్క పేరూ వెతికి కొట్టివేయడం సాధ్యం కాలేదు. ఈ చిక్కును 1895 ప్రాంతంలో అమెరికా గ్రంథపాలకురాలు నీనా బ్రౌన్ విప్పింది.

బ్రౌన్ పద్ధతిలో ప్రతి పుస్తకానికీ ఒక కార్డు ఉంటుంది. అది వెనక అట్ట లోపల అంటించిన చిన్న కాగితపు జేబులో ఉంటుంది. పాఠకుడికి జేబులాంటి టిక్కెట్లు ఇస్తారు, ఒక్కో పుస్తకానికి ఒక్కో టిక్కెట్టు. పుస్తకం ఇచ్చేటప్పుడు పుస్తకపు కార్డును తీసి పాఠకుడి టిక్కెట్టులో దోపుతారు. రెండూ జంటగా గడువు తేదీ ప్రకారం ట్రేలో నిలబడతాయి. పుస్తకంలో అంటించిన చీటీ మీద అదే తేదీ ముద్ర పడుతుంది. పుస్తకం తిరిగి వచ్చినప్పుడు గ్రంథపాలకుడు చీటీ మీద తేదీ చూసి, ట్రేలో ఆ తేదీ వెనక వెతికి, కార్డును పుస్తకంలో పెట్టేసి టిక్కెట్టును పాఠకుడికి ఇచ్చేస్తాడు. టిక్కెట్టు చేతికి వచ్చిందంటే బాకీ తీరినట్టే. ఎవరూ ఏమీ రాయనక్కర్లేదు. మన దేశంలోనూ కళాశాల గ్రంథాలయాలు, పౌర గ్రంథాలయాలు ఎన్నో ఏళ్ళు ఈ పద్ధతినే పాటించాయి.

సంతకం పెట్టిన చిన్న చేతులు

19వ శతాబ్దం చివరిదాకా చాలా పౌర గ్రంథాలయాలు చిన్నపిల్లలను లోపలికి రానిచ్చేవి కావు. పిల్లలు పుస్తకాలు చింపుతారని, తిరిగి ఇవ్వరని పెద్దల భయం. ఆ అభిప్రాయాన్ని మార్చినవారిలో ఆన్ కారల్ మూర్ ముఖ్యురాలు. ఆమె 1896లో బ్రూక్లిన్‌లోని ప్రాట్ సంస్థ గ్రంథాలయంలో పిల్లల గది బాధ్యత తీసుకుంది. 1906లో న్యూయార్క్ పౌర గ్రంథాలయంలో పిల్లల విభాగానికి అధిపతి అయింది. ఆమె గదిలో ఒక పెద్ద రిజిస్టరు ఉండేది. తన పేరు తాను రాయగలిగిన పిల్లవాడు, పుస్తకాలను జాగ్రత్తగా చూసుకుంటానని, నియమాలు పాటిస్తానని మాట ఇచ్చి అందులో సంతకం పెట్టాలి. ఆ తర్వాత పుస్తకం ఇంటికి తీసుకెళ్ళవచ్చు. ఫ్రాంక్లిన్ కాలంలో నోటు రాసిన పెద్దల స్థానంలోకి ఆరేడేళ్ళ పిల్లలు వచ్చారు. వాళ్ళను అడిగింది డబ్బు కాదు, మాట.

బిడియపడే పిల్లలను మాట్లాడించడానికి మూర్ దగ్గర నికొలస్ అనే చెక్కబొమ్మ ఉండేది. ఆ బొమ్మనే నాయకుడిగా చేసి ఆమె రాసిన కథ 1924లో అచ్చయింది. పిల్లలకు గ్రంథాలయ నియమాలు నిలిచేది బెదిరింపుతో కాదు, ఊహతో అని ఆ తరం గ్రంథపాలకులు గ్రహించారు.

తెలుగునాట పడవలో పుస్తకాలు

మన దగ్గర తెలుగు గ్రంథాలయోద్యమం పుస్తకం అందరికీ అందాలన్న నమ్మకాన్ని పల్లెల దాకా తీసుకెళ్ళింది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం ఏర్పడింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం వెలిసింది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దాని వెనుక అయ్యంకి వెంకటరమణయ్య కృషి ఉంది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం స్థాపించారు.

పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే కదిలి వెళ్ళింది. బరోడా సంస్థానంలో చెక్కపెట్టెలలో పుస్తకాలు ఊళ్ళకు పంపేవారు. 1931లో తమిళనాడులోని మన్నార్గుడి ప్రాంతంలో ఎడ్లబండి మీద గ్రంథాలయం తిరిగింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య పడవ గ్రంథాలయం నడిపించారు. సంచార గ్రంథాలయానికి గడువు తేదీ వేరే అక్కర్లేదు. బండి మళ్ళీ ఊరికి వచ్చే రోజే గడువు.

1948లో మద్రాసు, 1955లో హైదరాబాదు, 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఇంటి పన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ పన్ను శాఖా గ్రంథాలయాలకు ఆధారమైంది. సభ్యులు ధరావతు కట్టి పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళే పద్ధతి స్థిరపడింది. నలుగురూ కట్టిన పన్నుతో కొన్న పుస్తకాన్ని నలుగురికీ అందనివ్వడం పౌరధర్మమైంది.

జరిమానా లేని గడువు

గడువు దాటితే రోజుకింత అనే జరిమానా 20వ శతాబ్దమంతా నడిచింది. దానివల్ల నష్టపోయింది ఎక్కువగా పేదపిల్లలు. బాకీ పెరిగితే కార్డు ఆగిపోయేది, భయపడి పిల్లలు గ్రంథాలయానికి రావడమే మానేసేవారు. 2019 అక్టోబరులో చికాగో, 2021 అక్టోబరులో న్యూయార్క్ పౌర గ్రంథాలయాలు ఆలస్య రుసుము ఎత్తివేశాయి. ఆ తర్వాత రెండు చోట్లా ఏళ్ళ తరబడి ఇళ్ళలో ఉండిపోయిన పుస్తకాలు పెద్దసంఖ్యలో తిరిగి వచ్చాయి. గొలుసూ ధరావతూ చేయలేని పని క్షమ చేసింది.

పుస్తకం ఇంటికి వెళ్తుంది

చిన్నపిల్లలకు తిరిగి ఇవ్వడం మొదట కష్టంగానే ఉంటుంది. వారం రోజులు తలగడ పక్కన ఉన్న బొమ్మల పుస్తకాన్ని వదులుకోవడం స్నేహితుణ్ణి ఊరికి పంపడంలాంటిదే. ఆ కష్టాన్ని పిల్లలు ఊహతో దాటుతారు. పుస్తకం తన ఇంటికి వెళ్తోందంటారు. అక్కడ పక్కనున్న పుస్తకాలకు మా ఇంటి సంగతులు చెబుతుందా, రేపు ఎవరింటికి వెళ్తుంది, నన్ను మరచిపోతుందా అని అడుగుతారు. పుస్తకాలు తిరిగి వేసేందుకు గ్రంథాలయం గోడకున్న కంతలోంచి పుస్తకాన్ని లోపలికి వేసి, అది పడిన చప్పుడు వినడానికి చెవి ఆనిస్తారు. తాళపత్రం చివర పుస్తకం చేత మాట్లాడించిన లేఖకుడూ, పుస్తకానికి టాటా చెప్పే పిల్లవాడూ ఊహించింది ఒకటే: పుస్తకానికి ప్రాణం ఉంది, దాన్ని క్షేమంగా పంపాలి.

ఆ ఊహను నవ్వి కొట్టిపారేయకూడదు. శాపానికి భయపడి ఇచ్చినవాడు భయం తీరాక ఇవ్వడు, జరిమానా చూసి ఇచ్చినవాడు డబ్బు కట్టి ఊరుకోగలడు. పుస్తకం ఇంకొకరి దగ్గరికి వెళ్ళాలని కోరుకునే పిల్లవాడికి మాత్రం ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. ఇంట్లో గ్రంథాలయ పుస్తకం ఉన్న పెద్దలు దాన్ని తామే తీసుకెళ్ళి ఇచ్చేయకుండా పిల్లల చేత ఇప్పించాలి. వెనక అట్ట మీద పాత తేదీ చీటీ ఉంటే చూపించాలి. అందులో పేర్లు ఉండవు, తేదీలే ఉంటాయి. ఆ వరుసలో ఒక ముద్ర కింద ఇంకొకటి పడిందంటే, ముందు తీసుకెళ్ళినవాళ్ళెవరో పుస్తకాన్ని తిరిగి తెచ్చి ఇచ్చారని అర్థం.