టైమింగ్ బెల్ట్ బిగువు (డీజిల్ కారు ఇంజిన్)

టైమింగ్ బెల్ట్ బిగువు అంటే డీజిల్ కారు ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ నుంచి క్యామ్‌షాఫ్ట్‌ను, ఇంధన పంపును తిప్పే పళ్ల రబ్బరు బెల్టును నిర్ణీత స్థాయిలో లాగి ఉంచే బలం. ఈ తరహా బెల్టు 1962లో జర్మనీకి చెందిన గ్లాస్ 1004 కారుతో వాడుకలోకి వచ్చింది. 1976లో విడుదలైన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ డీజిల్‌లో ఇంధన పంపు కూడా ఇదే బెల్టుతో తిరుగుతుంది.

పెట్రోలు ఇంజిన్ కంటే ఇక్కడ బిగువుకు ప్రాధాన్యం ఎక్కువ. ఆ తరం ఫోక్స్‌వ్యాగన్ 1.6 లీటర్ల డీజిల్‌లో సంపీడన నిష్పత్తి 23:1. అందువల్ల పిస్టన్ పైకొచ్చినప్పుడు వాల్వుకు మిగిలే ఖాళీ అత్యల్పం. వదులు బెల్టు పన్ను జారితే వాల్వులు వంగిపోతాయి. మరీ బిగిస్తే బెల్టు కూతపెడుతుంది, రోలర్ బేరింగులు త్వరగా అరుగుతాయి.

బిగువును చల్లటి ఇంజిన్ మీదే సరిచేస్తారు. వేడెక్కిన అల్యూమినియం హెడ్ వ్యాకోచించి బెల్టును మరింత లాగుతుంది. మొదటి సిలిండర్ పిస్టన్‌ను పైకొసకు తెచ్చి, క్యామ్‌షాఫ్ట్ వెనుక గాడిలో పట్టీ, పంపు పుల్లీకి పిన్ను పెట్టి కదలకుండా బిగిస్తారు. క్యామ్ పుల్లీని వదులు చేశాక, అసమకేంద్ర రోలర్‌ను తిప్పుతూ బిగువు గేజి తయారీదారు చెప్పిన అంకె చూపేవరకు లాగి నట్టు బిగిస్తారు. తర్వాత క్రాంక్‌షాఫ్ట్‌ను తిరిగే దిశలోనే చేత్తో రెండు చుట్లు తిప్పి గేజిని మళ్లీ చూస్తారు. బిగువు మారితే ఇంధనం చిమ్మే క్షణమూ జరుగుతుంది కాబట్టి, పంపు టైమింగును డయల్ గేజితో సరిచూడటం ఈ పనిలో విడదీయరాని భాగం. తర్వాతి ఫోక్స్‌వ్యాగన్ టీడీఐ డీజిల్ ఇంజిన్లలో స్ప్రింగు టెన్షనర్ (బిగువు రోలర్) రావడంతో గేజికి బదులు దాని ముల్లును గాడికి ఎదురుగా నిలిపితే చాలు.