చర్మ క్యాన్సర్ శస్త్రచికిత్స – అంచుల పరీక్ష

చర్మ క్యాన్సర్‌కు ప్రధాన చికిత్స కణితిని, దాని చుట్టూ ఉన్న కొంత మంచి చర్మంతో సహా కోసి తీసివేయడం. పైకి కనిపించే మచ్చను దాటి క్యాన్సర్ కణాలు లోలోపల పాకి ఉండవచ్చు. అందుకే తీసిన ముక్క అంచుల్లో ఆ కణాలు లేవని సూక్ష్మదర్శిని కింద తేలితేనే తొలగింపు పూర్తయినట్టు లెక్క.

కోత కొలతలు
హద్దులు స్పష్టంగా ఉండి, 2 సెం.మీ. లోపున్న సాధారణ బేసల్ సెల్ కార్సినోమా అనే రకం చర్మ క్యాన్సర్‌కు చుట్టూ 4 మి.మీ. చర్మాన్ని కలుపుకుని కోస్తారు. మెలనోమా అనే మరో రకానికి కణితి మందమే కొలమానం. మందం 1 మి.మీ. వరకు ఉంటే చుట్టూ 1 సెం.మీ., 2 మి.మీ. దాటితే 2 సెం.మీ. తీస్తారు. ఈ మందం కొలతను 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో ప్రతిపాదించారు.

పరీక్షించే తీరు
తీసిన ముక్కకు ఒక కొసన సర్జన్ చిన్న కుట్టు వేస్తారు. ఒంటి మీద అది ఏ వైపుగా ఉండేదో పాథాలజిస్టుకు తెలిపే గుర్తు ఆ దారమే. ల్యాబులో అంచులకు రంగు సిరాలు పూసి, ముక్కను రొట్టె కోసినట్టు నిలువునా కోసి చూస్తారు. క్యాన్సర్ కణాలు సిరా దాకా వచ్చి ఉంటే జబ్బు ఒంట్లో మిగిలి ఉండవచ్చని అర్థం. అప్పుడు ఆ చోట మళ్లీ కోయడమో, రేడియేషన్ ఇవ్వడమో చేస్తారు. అయితే ఈ పద్ధతిలో మొత్తం అంచులో అతి కొద్ది భాగమే పరీక్షకు వస్తుంది.

మోస్ పద్ధతి
ఈ లోటును తీర్చింది అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1930లలో ఫ్రెడరిక్ మోస్ రూపొందించిన పద్ధతి. మొదట్లో ఆయన కోసే ముందు కణజాలాన్ని గట్టిపరచడానికి జింక్ క్లోరైడ్ లేపనం వాడేవారు. ఇప్పుడు తాజా ముక్కనే గడ్డకట్టించి, రోగి వేచి ఉండగానే అడుగుభాగాన్నీ పక్క అంచులనూ పూర్తిగా పరీక్షిస్తారు. కణాలు మిగిలిన చోటే మరో పొర తీస్తారు. మంచి చర్మం వృథా కాదు కాబట్టి కనురెప్ప, ముక్కు, చెవి వంటి చోట్ల ఇది ఎంతో మేలు. మొదటిసారి వచ్చిన బేసల్ సెల్ కార్సినోమాకు ఈ పద్ధతిలో చికిత్స పొందితే, ఐదేళ్ల తర్వాత కూడా జబ్బు తిరగబెట్టనివారు దాదాపు 99 శాతం.

మన జాగ్రత్త
చామనఛాయ, నల్లని చర్మం ఉన్నవారిలో మెలనోమా తరచుగా అరికాలిలో, గోటి కింద కనిపిస్తుంది. పాత కాలిన మచ్చ మీద మానని పుండు స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే రకం చర్మ క్యాన్సర్ కావచ్చు. ఇలాంటివాటిని నిర్లక్ష్యం చేయకూడదు. శస్త్రచికిత్స జరిగితే కుట్లు విప్పించుకుని ఊరుకోకుండా బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోవాలి. అందులో అంచుల గురించి ఏం రాశారో డాక్టరుతో చదివించుకోవాలి.