లేజర్ ప్రింటర్: కాగితం ఇరుక్కోవడం, ముద్రణ లోపాలు

లేజర్ కిరణం డ్రమ్ముపై విద్యుదావేశంతో అక్షరాల రూపు గీస్తుంది. ఆ చోట అంటిన టోనర్ పొడి కాగితం మీదికి చేరాక, దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ వేడిగల ఫ్యూజర్ దాన్ని కరిగించి అతికిస్తుంది. లేజర్ ప్రింటర్‌ను రూపొందించినవాడు జిరాక్స్ సంస్థ ఇంజనీరు గ్యారీ స్టార్క్‌వెదర్.

పత్తి మార్కెట్టుకు, జిన్నింగ్ మిల్లులకు పేరున్న ఆదోనిలోనూ, చేనేత పట్టణం ఎమ్మిగనూరులోనూ ప్రింటర్‌ను దుమ్ము నుంచి, దూది నూగు నుంచి కాపాడుకోవడమే ముఖ్యం. నూగు, కాగితపు పొడి పేరుకుంటే రబ్బరు రోలరు జారిపోతుంది, కాగితం లోపలికి పోదు. తడిపి గట్టిగా పిండిన నూలుగుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. అరిగిన రోలరును మాత్రం మార్చాల్సిందే. వానాకాలంలో చెమ్మ పీల్చిన కాగితం వంకర తిరుగుతుంది. ఎండాకాలపు పొడిగాలిలో స్థిర విద్యుత్తు వల్ల రెండేసి కాగితాలు అతుక్కుని వెళ్తాయి. అందుకే ట్రేలో పెట్టేముందు కట్టను విదిలించాలి.

ఇరుక్కున్న కాగితాన్ని స్విచ్ ఆపి, ఫ్యూజర్ చల్లారాక, రెండు చేతులతో, అది నడిచే దిశలోనే మెల్లగా లాగాలి. చిన్న ముక్క మిగిలినా సెన్సరు ప్రింటర్‌ను మళ్లీ ఆపేస్తుంది.

సమాన దూరంలో పదేపదే పడే మచ్చ డ్రమ్ముదో రోలరుదో. వేలితో రుద్దితే ఊడే అక్షరం ఫ్యూజర్ లోపానికి గుర్తు. చిందిన టోనర్‌ను ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌తో పీల్చకండి. ఆ సన్నని పొడి ఫిల్టరును దాటి గదంతా పరుచుకుంటుంది.