ఛాయాచిత్రంలోని రైలింజను చెప్పిన చరిత్ర

ఈ ప్లాటినం జూబిలీ సంచిక కొరకు పూర్వ విద్యార్థుల ఇండ్ల నుండి వచ్చిన ఛాయాచిత్రాలలో ఒకటి ఆవిరి రైలింజనుది. ఇంజను ప్రక్కన ఇద్దరు రైల్వే ఉద్యోగులు, వారి ముందు ఐదుగురు బాలురు నిలిచి ఉన్నారు. చిత్రం వెనుక పెన్సిలుతో "1938, బి.ఎన్.ఆర్. కాలం" అని వ్రాసి ఉంది. పెద్దల జ్ఞాపకాలు మనకు పూజనీయాలే. అయినను, వాటిని చరిత్రగా అచ్చు వేయుటకు ముందు పరీక్షించి చూచుట మన ధర్మం. ఈ చిత్రానికి నమ్మదగిన సాక్షి అందులోని ఇంజనే.

కలకత్తా - మద్రాసు మార్గంలో మన తూర్పు తీర భాగం 1893 - 1896 సంవత్సరాల మధ్య నిర్మితమైంది. అందులో వాల్తేరు నుండి కటకం వరకు గల భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ కంపెనీ కొలువులే ఎన్నో తెలుగు కుటుంబాలను ఖుర్దారోడ్డు వంటి తావులకు చేర్చాయి. కనుక మన ఇండ్లలో పాత ఇంజను బొమ్మ ఏది కనిపించినా దానిని "బి.ఎన్.ఆర్. నాటిది" అనుకొనుట సహజం.

ఇంజనును గుర్తించుటకు మొదట చక్రాలను లెక్కించవలెను. ఈ చిత్రంలో ముందు రెండు జతల చిన్న చక్రాలు, నడుమ కడ్డీతో కలిపిన మూడు జతల పెద్ద చక్రాలు, వెనుక ఒక జత చిన్న చక్రాలు ఉన్నాయి. దీనిని 4-6-2 అమరిక అంటారు. ముందు భాగం గుండ్రంగా ఉబ్బి, నడుమ నక్షత్రాన్ని ధరించి ఉంది. ఈ రెండు లక్షణాలు కలిసినది 'డబ్ల్యు.పి.' తరగతి. ఇందులో 'డబ్ల్యు' బ్రాడ్ గేజికి, 'పి' ప్రయాణికుల బండికి గుర్తు. ఈ తరగతిలో మొదటి 16 ఇంజనులు అమెరికాలోని బాల్డ్విన్ కర్మాగారం నుండి 1947లో మన దేశానికి వచ్చాయి. కావున 1938లో ఈ చిత్రం తీయుట అసంభవం.

రెండవ ఆధారం బొగ్గును, నీటిని మోసే టెండరుపై గల అక్షరాలు. బెంగాల్ నాగపూర్ రైల్వేను ప్రభుత్వం 1944లో స్వాధీనం చేసుకొంది. 1952 ఏప్రిల్ 14న అది తూర్పు రైల్వేలో కలిసింది. 1955 ఆగస్టు 1న దక్షిణ తూర్పు రైల్వే వేరుగా ఏర్పడింది. భూతద్దంతో చూడగా టెండరుపై కనిపించినవి 'ఎస్.ఇ.' అక్షరాలు. అనగా ఈ చిత్రం 1955 ఆగస్టుకు తరువాతిది.

ఎంత తరువాతిదో ఇంజను చెప్పజాలదు. బ్రాడ్ గేజిపై ఆవిరి బండ్లు 1995 వరకు నడిచాయి. ఆ హద్దును తేల్చగలిగినవి ఇంటి పెట్టెలలోని సర్వీసు కాగితాలు, పింఛను ఉత్తర్వులు మాత్రమే.

తేదీ మారినందున ఆ కుటుంబ గౌరవానికి వచ్చిన లోటేమీ లేదు. పైగా మనకొక లాభం కలిగింది. 1938 నాటికి మన పాఠశాల పుట్టలేదు. 1955 నాటికి తరగతులు నడుస్తున్నాయి. కాబట్టి ఆ ఐదుగురు బాలురు మన బడి పిల్లలే కావచ్చును. వారెవరు? ఇంజను తరగతిని చక్రాలు చెప్పాయి, కాలాన్ని అక్షరాలు చెప్పాయి. మనుష్యుల పేర్లను మాత్రం ఏ యంత్రమూ చెప్పదు. బొగ్గు వేసిన ఫైర్‌మన్ పేరు, చేయి పట్టుకొని నిలిచిన పిల్లవాని పేరు తెలిసినవారు చెప్పినప్పుడే చరిత్రకెక్కుతాయి.

కావున తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. మీ ఇండ్లలోని పాత చిత్రాలను పెద్దలకు చూపి, వారు చెప్పిన పేర్లు, స్థలం, సంవత్సరం వెనుకవైపు మెత్తని పెన్సిలుతో వ్రాయండి. చెప్పినవారి పేరు కూడా చేర్చండి. ఈ చిత్రంలోని బాలురను గుర్తించగలవారు పాఠశాలకు తెలియజేసిన యెడల, వారి పేర్లను మన రిజిస్టర్లతో సరిచూచి పదిలపరచగలము.