కార్ల్ డేటరు మోసిన బరువు

అల్జైమర్ అను పేరు నీవు వినియుందువు. వృద్ధుల జ్ఞాపకమును హరించు వ్యాధికి ఒక జర్మను వైద్యుని ఇంటిపేరే పేరైనది. అయితే ఆ వ్యాధి చరిత్రలో కార్ల్ డేటరు అను మరియొక మనుష్యుడు కలడు. అతనిని ఎరిగినవారు అరుదు. అతడు రైల్వేలో గుమాస్తా. అతని భార్య పేరు ఆగస్టా.

వారు ఫ్రాంక్‌ఫర్టు పట్టణమందు కాపురముండిరి. ఆగస్టాకు 50 యేండ్లు దాటిన దినములలో ఆమె తీరు మారెను. మొదట భర్తను నిష్కారణముగా అనుమానించెను. పిమ్మట వంట పాడుచేయుటయు, వస్తువులను దాచి మరచిపోవుటయు, కేకలు వేయుటయు మొదలాయెను. ఇంట నెగ్గుకొని రాలేక భర్త ఆమెను మానసిక చికిత్సాలయమునకు తీసికొనిపోగా, 1901 నవంబరు 25న అక్కడ చేర్చుకొనిరి. మరునాడు డాక్టరు అల్జైమర్ ఆమె యొద్ద కూర్చుండెను. నీ పేరేమి? ఆగస్టా. నీ భర్త పేరేమి? ఆగస్టా అనియే చెప్పెను. మధ్యాహ్నము ఆమె పందిమాంసమును కాలీఫ్లవరును తినుచుండగా, ఏమి తినుచున్నావని అడిగిరి, పాలకూర అనెను.

ఈ కాగితములు చాలకాలము కనబడకపోయి, 1995లో ఫ్రాంక్‌ఫర్టులోనే దొరికినవి. వాటిని చదువువారికి ఆగస్టా కన్నులయెదుట నిలుచును. కార్ల్ మాత్రము రోగలక్షణములు చెప్పిన సాక్షిగానే మిగిలెను. ఇది ఆ వైద్యుని తప్పని నేననను. ఆయన శ్రద్ధగలవాడే. ఆ కాలపు వైద్యమునకు రోగి యొకడే కనబడును. రోగి ప్రక్కన నిద్రలేక కూలబడినవాడు కనబడడు.

ఆమె 1906 ఏప్రిల్ 8న మరణించెను. ఆమె మెదడును పరీక్షించి, అదే సంవత్సరము నవంబరు 3న ట్యూబింగెను నగరములో వైద్యులయెదుట అల్జైమర్ మాటలాడెను. ఒక్కరును ప్రశ్న వేయలేదు. 1910లో క్రేపెలిన్ పండితుడు తన గ్రంథములో ఈ వ్యాధికి అల్జైమర్ పేరు పెట్టెను. అయితే ఆగస్టా అంత ముసలిది కాదు గనుక, ఇది నడివయస్సు వారికి వచ్చు అరుదైన రోగమని ఎంచిరి. 80 యేండ్ల తల్లి మతి తప్పినయెడల అది వట్టి వృద్ధాప్యమనిరి. మన యిండ్లలో దానికి చాదస్తమని పేరు. ఆ ఒక్క మాటతో తల్లి జబ్బును కొట్టివేయుదుము, ఆమెకు అన్నము తినిపించు కోడలి కష్టమును కూడ కొట్టివేయుదుము. ఈ రెండును ఒకే వ్యాధియని 1976లో అమెరికా వైద్యుడు రాబర్టు కాట్జ్‌మన్ గట్టిగా వ్రాసిన తరువాతనే లోకము కన్ను తెరచెను.

అప్పుడు కుటుంబములవారు ఒకరినొకరు వెదకికొనిరి. 1980లో అమెరికాలో వారి సంఘము ఏర్పడెను. 1981లో నాన్సీ మేస్, పీటరు రాబిన్స్ అనువారు సంరక్షకుల కొరకు ఒక పుస్తకము ప్రకటించి, దానికి ముప్పదియారు గంటల దినమని అర్థమిచ్చు పేరు పెట్టిరి. ఆ బరువు మోసినవారికి ఆ పేరును విప్పి చెప్పనక్కరలేదు.

ఇక 1987లో న్యూయార్కు విశ్వవిద్యాలయమందు మేరీ మిటెల్‌మన్ బృందము ఆరంభించిన పని చూడుము. రోగికి క్రొత్త మందేమియు ఇయ్యలేదు. సేవచేయుచున్న భార్యతోనో భర్తతోనో, వారి బంధువులతోను నాలుగు నెలలలో ఆరుసార్లు కూర్చుండి మాటలాడిరి. అటుపిమ్మట తమవంటివారి కూటమిలో చేర్చిరి. కావలసినప్పుడు ఫోను చేయుమనిరి. బంధువులను కూర్చుండబెట్టుటయే ఇందులో గట్టి సంగతియని నా తలంపు. దూరమున నున్న అన్నగారు పండుగకు వచ్చి, అమ్మ చిక్కిపోయినదేమని కోడలిని నిలదీయుట మనమెరుగనిది కాదు. ఆమె ఆరాధనకు రాలేదని సంఘములో గుసగుసలాడువారును మనమే. ఆ అన్నగారినే ఎదుట కూర్చుండబెట్టి, నీవు ఏ రాత్రి కాపలా ఉందువని అడిగినచో మాట మారును.

206 దంపతులను పరిశీలించి 1996లో ఫలితము ప్రకటించిరి. ఇట్టి సహాయము పొందినవారు రోగిని వృద్ధాలయమునకు పంపుట సుమారు 329 దినములు ఆలస్యమాయెను. 2006 నాటికి 406 దంపతుల లెక్క చూడగా, అది 557 దినములాయెను. సంరక్షకుల మనస్సులోని కృంగుదల కూడ తగ్గెను.

మన దేశమందు 1992లో కేరళలో ఇట్టి కుటుంబముల కొరకు ఒక సంఘము పుట్టెను. 2022లో ప్రభుత్వమువారు మనోవ్యాధుల విషయమై 14416 అను ఫోను సేవను స్థాపించిరి. తెలుగులోను మాటలాడవచ్చును, రాత్రివేళయైనను పలుకుదురు. రోగిని గూర్చియే కాదు, ఆ రోగికి కాపలాగా మేలుకొనియున్న కోడలు తన్నుగూర్చియు అక్కడ చెప్పుకొనవచ్చును.